ఆరు మందులూ ఒకే గురువారం

ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో కొండల మీద ఇళ్లు కట్టించిన మహానుభావుడెవరో గానీ, ఆయన ఇంట్లో ఆరు రకాల మందులు వాడే మనిషి ఉండి ఉండదని వైదేహి గట్టి నమ్మకం. ఉండి ఉంటే ఇక్కడివాళ్లు సర్జరీ అనే డాక్టరు క్లినిక్కు కొండ నెత్తిన, మందుల షాపు కొండ కింద, తన ఇల్లు సరిగ్గా నడిమధ్యన ఉండేవి కావు. మందులు కావాలంటే ముందు పైకెక్కి, సర్జరీలో ఆకుపచ్చ కాగితం మీద కావలసిన మందుకు టిక్కు పెట్టి డబ్బాలో వేసి రావాలి. రెండు రోజులు ఆగి, కిందికి దిగి షాపులో తెచ్చుకోవాలి. ఒక మందుకైతే పోనీలే, నడక ఒంటికి మంచిదే అనుకోవచ్చు. వైదేహికి థైరాయిడ్, బీపీ, షుగరు, కొలెస్ట్రాల్, గ్యాసు, కాల్షియం అని ఆరున్నాయి. ఆ ఆరూ ఆరు వేర్వేరు రోజుల్లో అయిపోతాయి. అయిపోవచ్చేదాకా మళ్లీ ఇవ్వరు. వారానికోసారి వాన, మూడు రోజులకోసారి మందులు, ఆవిడ జీవితం అలా సాగుతోంది.

ఆవిడకు యాభై ఏడేళ్లు. పెళ్లయి తెనాలి నుంచి వచ్చి ఇరవై ఎనిమిదేళ్లయింది. దగ్గర్లోని ప్రైమరీ స్కూల్లో డిన్నర్ లేడీ. నూట ఎనభై మంది పిల్లలకు మధ్యాహ్నం అన్నం పెట్టి, బఠాణీలు తినని వాళ్ల చేత తినిపించే పని. తినకపోతే వైదేహి ఏమీ అనదు, పక్కన నిలబడి చూస్తుందంతే. ఆ చూపుకు హెడ్‌టీచర్ కూడా ఒకసారి బఠాణీలు తిన్నాడని స్కూల్లో చెప్పుకుంటారు.

భర్త రామకృష్ణారావు పెద్దాసుపత్రిలో కడుపు జబ్బుల డాక్టరు. ఆ యార్క్‌షైర్ ప్రాంతంలో సగంమంది కడుపుల్లో ఏముందో ఆయనకు తెలుసు. భార్య కడుపులోకి రోజూ వెళ్లే ఆరు మందుల పేర్లు మాత్రం తెలియవు. దీపం కిందే చీకటి అంటారు కదా. అడిగితే, "ఇంట్లో వాళ్లకు డాక్టరు మందులు రాయకూడదోయ్, రూలుంది," అంటాడు. రాయకూడదన్నారు గానీ తెలుసుకోకూడదన్నారా అని వైదేహి అడిగితే ఆయన పేపరు తెరుస్తాడు.

రెండు వేల పదహారు జూన్ నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం సముద్రం అవతలున్న బెల్‌ఫాస్ట్ నుంచి కస్తూరి ఫోన్ చేసింది. తెనాలిలో ఆరో క్లాసు నుంచి ఇంటర్ దాకా వాళ్లిద్దరిదీ ఒకే బెంచీ. కస్తూరి మత్తు డాక్టరయింది. పెళ్లి చేసుకోలేదు. ముప్పై ఏళ్లపాటు వేలమందిని ఒకటి, రెండు, మూడు అనిపించి నిద్రపుచ్చి, కిందటేడే రిటైరైంది. ఇప్పుడు ఆవిడ కుడి మోకాలు అరిగిపోయింది. అది మార్చాలి. ఆసుపత్రివాళ్లు రెండుసార్లు తారీకు ఇచ్చారు. ఒకసారి ఇంటికి సున్నాలు వేయిస్తున్నానని వాయిదా వేసింది. రెండోసారి ఏదో కాన్ఫరెన్సు అంది. రిటైరైన మనిషికి కాన్ఫరెన్సేమిటో వైదేహికి అర్థం కాలేదు గానీ, భయమని మాత్రం అర్థమైంది.

"జులై ఇరవై ఏడు ఇచ్చారే," అంది కస్తూరి. "ఈసారి కూడా కాదంటే లిస్టులోంచి పేరు కొట్టేస్తారుట. మళ్లీ మొదట్నించీ రెండేళ్లు చూడాలి."

"అయితే శుభ్రంగా చేయించుకో. ఇంకా ఏవిటే నీ బాధ?"

"ఆరు వారాలు ఇంట్లో తోడుండాలిట. నువ్వొస్తే చేయించుకుంటా. రాకపోతే ఈ కర్ర పట్టుకునే పోతాను. పరాయి మనిషి చేత మరుగుదొడ్డి దాకా నడిపించుకోవడం నావల్ల కాదు."

"వస్తానే. స్కూలు సెలవులు సరిగ్గా ఆరు వారాలు. ఇరవై మూడో తారీకుకల్లా నీ దగ్గరుంటా. ఎముక విరిచేవాడెవడో వాడికి చెప్పు, కత్తి నూరుకోమని."

ఫోన్ పెట్టేశాక వైదేహి వంటింట్లో గోడకున్న కేలండరు వైపు చూసి కూలబడింది. ఆరు మందులకు ఆరు రంగుల పెన్నులతో చుట్టిన సున్నాలు. పిల్లల బొమ్మల పుస్తకంలా ఉంది. ఒక సున్నాకూ ఇంకో సున్నాకూ మధ్య నాలుగు రోజులకు మించి ఖాళీ లేదు. అందుకే ఈ మూడేళ్లలో బెల్‌ఫాస్ట్ ఎన్నిసార్లు వెళ్లినా రెండు రాత్రులకు మించి ఉండలేదు. తలుపు తీస్తూనే కస్తూరి "ఎప్పుడెళ్తావు?" అని అడుగుతుంది. వైదేహి తలుపు దగ్గరే చెప్పేస్తుంది. ఇప్పుడు ఆరు వారాలకు మాటిచ్చేసింది.

"నేను పోస్టులో పంపిస్తాగా," అన్నాడు రామకృష్ణారావు, పేపరు మీంచి తలెత్తకుండా.

"కిందటేడు జ్వరమొచ్చి పడుకుంటే ఒక్కసారి షాపుకి పంపాను. ఏం తెచ్చారో గుర్తుందా?"

గుర్తుంది. షాంపూ తెచ్చాడు. రెండు కొంటే ఒకటి ఉచితమని మూడు తెచ్చాడు. మందులు షాపులోనే ఉండిపోయాయి.

"పోనీ, బెల్‌ఫాస్ట్‌లోనే ఒక డాక్టరు దగ్గర టెంపరరీగా రిజిస్టరు చేయించుకో."

"చేయించుకుంటే? అక్కడైనా ఆరింటికీ ఆరుసార్లు తిరగాలిగా. మంచం మీదున్న మనిషిని వదిలేసి నేను క్యూల్లో నిలబడనా? దాని కోసం వెళ్తున్నానా, మందుల కోసం వెళ్తున్నానా?"

రామకృష్ణారావు మళ్లీ పేపరులోకి వెళ్లిపోయాడు. ఆసుపత్రిలో ఆయన మాటకు తిరుగులేదు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత.

సోమవారం స్కూలు నుంచి వస్తూ వైదేహి సరాసరి కొండ కిందికి దిగి మందుల షాపులో ఫయాజ్ ముందు నిలబడింది. ఫయాజ్‌ది హన్మకొండ. ఇక్కడికి ఎమ్మెస్సీ చదవడానికొచ్చి, పరీక్షల మీద పరీక్షలు రాసి ఫార్మసిస్టయ్యాడు. ముప్పై నాలుగేళ్లుంటాయి. షాపులో ఎంత రద్దీ ఉన్నా వైదేహిని చూస్తే చాలు, అతని నోట్లోకి తెలుగు పరుగెత్తుకొస్తుంది.

కథంతా విని ఫయాజ్ నవ్వాడు. "గింతేనా ఆంటీ? దీనికి పరేషాన్ ఎందుకు? ఆరింటినీ ఒక్క తారీకుకు కలుపుత. దేనికెన్ని గోలీలు తక్కువ పడ్తయో చూసి, గన్నే రాయమని సర్జరీకి పంపుత. ఒకదానికి నాలుగు, ఒకదానికి పదకొండు, గట్ల. జులై ఇరవై ఒకటి, గురువారం నాడు అన్నీ ఒక్కసారే ఖతం. ఆడికెల్లి ఆరింటికీ ఎనిమిది వారాలవి ఒక్క సంచిల వేసి ఇప్పిస్త. మీరు నిమ్మళంగ పోయి రాండి."

"అన్నీ ఒక్కసారే..."

"ఖాళీ!" అన్నాడు ఫయాజ్ గర్వంగా, చేతులు దులుపుతూ.

ఇంట్లో ఆరు డబ్బాలూ ఒకేరోజు బోసిపోవడం ఏమిటి, శుభమా అని ఊరెళ్తుంటే ఖాళీ అంటాడేమిటి అనుకుంది వైదేహి. కానీ కస్తూరి మోకాలు గుర్తొచ్చి, "సరే బాబూ, కానీ," అని వచ్చేసింది.

రాత్రి భోజనాల దగ్గర రామకృష్ణారావు ఒక ధర్మసందేహం లేవదీశాడు. "ఇక్కడ మందుకు ఛార్జీ డబ్బాను బట్టి కాదు, చీటీలో వరసను బట్టి. నాలుగు బిళ్లలు రాసినా ఒకటే, నలభై రాసినా ఒకటే. ముక్కలు ముక్కలుగా రాయించావంటే ప్రతి ముక్కకీ నిండు ఛార్జీ పడుతుంది, చూసుకో."

"కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ?" అంటూ వైదేహి పర్సులోంచి ఒక కార్డు తీసి పప్పుగిన్నె పక్కన పెట్టింది. థైరాయిడ్ మాత్ర జన్మంతా మింగాల్సిన వాళ్లకు సర్కారువారు ఇచ్చే కార్డు. అదుంటే థైరాయిడ్ మందుకే కాదు, ఏ మందుకూ పైసా కట్టక్కర్లేదు, ముక్కయినా సరే, మొత్తమైనా సరే. పదేళ్ల నుంచి ఆ కార్డు ఆవిడ దగ్గరుంది. ఆయన దాన్ని చూడటం అదే మొదటిసారి. వెనకా ముందూ తిప్పి చూసి, "నాకెందుకివ్వరు?" అన్నాడు. "మీకు జబ్బు లేదు గనక," అంది వైదేహి, అదేదో ఆయన తప్పయినట్టు.

నాలుగు రోజుల తర్వాత ఫయాజ్ ఫోన్ చేసి రమ్మన్నాడు. గొంతులో హుషారు లేదు.

"సర్జరీల కొత్త డాక్టరమ్మ ఒప్పుకుంటలేదు ఆంటీ. మీ పాత లెక్కలన్ని తీసి చూసిందట. మూడేండ్లల్ల మీరు కొన్ని మందులు మూడు నెలలవి, కొన్ని ఆరు నెలలవి ఎక్కువ తీస్కున్నరట. ఎక్కువ మింగుతున్నరా, ఇంకేమన్న చేస్తున్నరా తెలియకుండ ఎనిమిది వారాల మందులు చేతికియ్యనన్నది. ముందుగాల మిమ్మల్ని చూడాలన్నది."

"చూడమను. ఇప్పుడే ఎక్కుతా కొండ."

"అపాయింట్‌మెంటు ఆగస్టు నాలుగంట."

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. ఆగస్టు నాలుగంటే కస్తూరి ఆపరేషన్ అయిపోయిన వారానికి. అసలు అయితే కదా. వైదేహి లేకపోతే కస్తూరి ఆసుపత్రి గుమ్మం కూడా తొక్కదు.

ఆవిడ రుసరుసలాడుతూ ఇంటికొచ్చింది. రామకృష్ణారావు సోఫాలో కూర్చుని విషయమంతా విన్నాడు. విని ఊరుకున్నా బాగుండేది. డాక్టరు బుద్ధి ఎక్కడికి పోతుంది, "ఇంతకీ నువ్వు సరిగ్గానే వేసుకుంటున్నావా?" అన్నాడు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు ఆ సాయంత్రమంతా ఆయన మీద పడింది. ఇరవై ఎనిమిదేళ్ల సంసారంలో ఒక్క పూట మందు తప్పిందా, ఒక్క పూట వంట తప్పిందా, నన్ను మందులు మెక్కే దొంగను చేస్తారా అని మొదలై, షాంపూ మీదుగా వెళ్లి, పెళ్లిలో ఆయన మేనత్త అన్న మాట దాకా పోయి ఆగింది.

ఆ కోపం కింద ఉన్నది భయం. కస్తూరికి ఫోన్ చేద్దామని రెండుసార్లు తీసి పెట్టేసింది. పదమూడేళ్ల కిందట వైదేహికి గర్భసంచి తీసేసినప్పుడు, పిలవకుండానే కస్తూరి సెలవు పెట్టి వచ్చింది. రెండు వారాలు మంచం పక్కన నేల మీద పడుకుంది. ఎప్పుడు కదిలినా "ఏం కావాలే?" అని లేచేది. అలాంటి మనిషికి నా మందుల లెక్క తేలలేదు, నేను రాలేనని ఏ నోటితో చెప్పడం? వైదేహికి ఏడుపొచ్చింది. ఉల్లిపాయలు కోసేందుకు కూర్చుని ఏడ్చింది, అడిగితే చెప్పడానికి ఒక కారణం ఉంటుందని.

మర్నాడు ఫయాజే దారి చూపించాడు. "ఇంట్ల ఉన్న మందులన్ని ఒక సంచిల వేస్కొని రాండి ఆంటీ. ఒక్కటి గూడ ఇడువద్దు. నేను గోలీ గోలీ లెక్కపెడ్త. తప్పు వాళ్లదో మనదో తేలుతది."

అన్నీ తెమ్మన్నాడు కనక వైదేహి అన్నీ పట్టుకెళ్లింది. షాపు వెనక ఉన్న చిన్న గదిలో బల్ల మీద సంచి బోర్లించింది. ఆరు డబ్బాలు పడ్డాయి. ఆ వెనక ధన్‌మని ఒక పెద్ద బిస్కెట్ల డబ్బా పడింది. రేకు డబ్బా. మూత మీద స్కాట్లండు కోట బొమ్మ.

"బిస్కెట్లెందుకు తెచ్చిన్రు ఆంటీ?"

"బిస్కెట్లు కాదు బాబూ. అవీ మందులే."

ఫయాజ్ మూత తీశాడు. లోపల అంచుల దాకా మాత్రల షీట్ల ముక్కలు. కత్తెరతో నీటుగా కత్తిరించి ఉన్నాయి. ప్రతి ముక్కలో ఒక్కటంటే ఒక్కటే మాత్ర. తెల్లవి, పసుపువి, గులాబీవి. ఫయాజ్ ఒకటి తీసి చూశాడు, ఇంకొకటి తీశాడు, గుప్పెడు తీశాడు. మందులు మరిచిపోయే వాళ్ల ఇళ్లలో మిగిలిన మాత్రలు అతను చాలా చూశాడు. ఒక షీట్లో మూడు, ఇంకో దాంట్లో ఎనిమిది, అడ్డదిడ్డంగా ఉంటాయి. ఇలా లెక్క కట్టినట్టు ఒక్కొక్కటే ఉండటం ఎక్కడా చూడలేదు.

"ఆంటీ," అన్నాడు నెమ్మదిగా, "ఇవన్ని ఒక్కొక్కటే ఎందుకున్నయ్?"

వైదేహికి ఆ ప్రశ్నే వింతగా తోచింది. "చివరివి కదా."

"చివరివైతే ఏమాయె?"

"చివరిది తీసేస్తారుటయ్యా ఎవరైనా? మా అమ్మ బియ్యం డబ్బాలో ఎప్పుడూ పిడికెడు ఉండగానే కొత్త బస్తా విప్పించేది. ఉప్పు జాడీ అయినా అంతే, పసుపు డబ్బా అయినా అంతే. అడుగంటా ఊడ్చేస్తే ఆ ఇంటికి మళ్లీ వస్తాయా? ఒంటికి కావలసినవి కూడా అంతేగా. షీటుకొకటి ఉంచుతాను. ఉంచి కొత్త షీటు మొదలెడతాను."

ఫయాజ్ ఆవిడ వైపు చూశాడు. డబ్బా వైపు చూశాడు. కుర్చీలో వెనక్కి వాలి, కళ్లజోడు తీసేసి, భుజాలు కదిలేటట్టు నవ్వాడు.

"మా అమ్మ గూడ గంతే ఆంటీ! బియ్యం డబ్బ అడుగు కనబడితే బర్కత్, గదే ఇంటి సిరి, పోతదంటది. చిన్నప్పుడు నేను అడుగుదాక గోకిన్నని వీపు పలగ్గొట్టింది. కానీ గోలీలకు గూడ పెట్టొచ్చని ఆమెకు తెల్వదు. ఫోన్ చేసి చెప్తే రేపట్నుంచే షురూ చేస్తది."

తర్వాత కంప్యూటరు తిప్పి చూపించాడు. మూడేళ్ల కిందట వైదేహి ఈ షాపుకు మారినప్పుడు ఆరు మందులూ ఒకేరోజు ఇచ్చారు. అన్నీ ఇరవై ఎనిమిది రోజులవే. కానీ మందుల షీట్లు అన్నీ ఒక్కలా ఉండవు. ఒక కంపెనీ షీటుకు ఏడు పెడుతుంది, ఒకటి పద్నాలుగు. పద్నాలుగేసి మాత్రల షీట్లు రెండున్న డబ్బాలో రెండు మిగులుతాయి. ఏడేసి మాత్రల షీట్లు నాలుగున్న డబ్బాలో నాలుగు మిగులుతాయి. కంపెనీ మారినప్పుడల్లా మిగిలేవీ మారతాయి. ఒక మందు ఇరవై ఆరు రోజులకు అయిపోతే ఇంకోటి ఇరవై నాలుగుకే అయిపోయేది. ఒకే రోజు బయల్దేరిన ఆరూ నెలనెలా ఒకదాన్నొకటి దాటుకుంటూ ఆరు దారులు పట్టాయి.

"అంటే వాటిని విడగొట్టింది..."

"మీరే ఆంటీ."

మూడేళ్లుగా వానలో, మంచులో, మోకాళ్లు పట్టుకుని ఎక్కి దిగిన కొండంతా వైదేహి కళ్ల ముందు తిరిగింది. దాన్ని తిట్టిన తిట్లూ గుర్తొచ్చాయి. ముందు సిగ్గేసింది. తర్వాత నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎంతకీ ఆగక కళ్లనీళ్లొచ్చేసరికి ఫయాజ్ టిష్యూ డబ్బా ముందుకు తోశాడు. ఆవిడ ఒకటి తీసుకుని, డబ్బాలో ఇంకా ఎన్నున్నాయో చూసింది. అది చూసి అతను మళ్లీ నవ్వడం మొదలెట్టాడు.

ఇద్దరూ కూర్చుని లెక్కపెట్టారు. ఆరువందల ముప్పై ఎనిమిది. ఫయాజ్ అక్కడికక్కడే సర్జరీకి ఫోన్ చేసి డాక్టరమ్మతో మాట్లాడాడు. బియ్యం డబ్బా సంగతి ఇంగ్లీషులో చెప్పడానికి చాలాసేపు పట్టింది. అంతా విని డాక్టరమ్మ ఎన్నున్నాయని అడిగింది. చెప్పాడు. చివరికి, కంప్యూటరు చూపిస్తున్న ఎక్కువా, బల్ల మీదున్న ఎక్కువా మందు మందుకూ సరిపోయాయా అంది. సరిపోయాయన్నాడు. అయితే రక్తపరీక్ష చేయించుకుని, నర్సు దగ్గర బీపీ చూపించుకుంటే చాలు, అవి బాగుంటే ఆగస్టు దాకా ఆగక్కర్లేదంది. వచ్చే వారానికి ఫలితాలొచ్చాయి. థైరాయిడ్, షుగరు, బీపీ ఎక్కడుండాలో అక్కడున్నాయి.

ఫలితాలు చూసి రామకృష్ణారావు, "నాకు తెలుసోయ్, నువ్వు సరిగ్గానే వేసుకుంటావని," అన్నాడు. వైదేహి ఆ పూట ఆయనకు కూర రెండోసారి వడ్డించలేదు.

ఇక మిగిలింది కలపడం. తేదీ దాటిన మాత్రలన్నీ ఫయాజ్ ఏరి పారేసే డబ్బాలో వేస్తుంటే వైదేహి తల పక్కకు తిప్పుకుంది. మిగిలినవి రెండువందల పైచిలుకు. "చూసిన్రా ఆంటీ, సర్జరీని ముక్కలు అడుగుడే అవసరం లేదు. తక్కువ పడ్డవన్ని మీ డబ్బలనే ఉన్నయ్. రాసిస్త, గట్లనే మింగుండ్రి. ఇరవై ఒకటి గురువారం పొద్దున ఆఖరి గోలి. అడుగుదాక."

"ఒక్కొక్కటి ఉంచుకోనీ బాబూ," అంది వైదేహి. గొంతు తనకే చిన్నపిల్ల గొంతులా వినిపించింది. "షీటుకు వద్దు. మందుకొకటి. ఆరే ఆరు."

"ఒక్కటి ఉంచితే వచ్చే నెల ఇంకోటి ఉంచుతరు. మళ్ల ఆరూ ఆరు దిక్కులు పోతయ్. డాక్టరమ్మకు నేను మాటిచ్చిన ఆంటీ."

వైదేహి చదువుకున్న మనిషే. మాత్ర మిగిల్చితే ఆరోగ్యం నిలబడదని, మింగితే పోదని తెలుసు. తెలిసినా చెయ్యి ఆడదు. అన్నీ ఒకేరోజు ఖాళీ చేసుకుని, కస్తూరి కత్తి కిందికి వెళ్లే వారంలో ఆ ఇంటి గుమ్మం తొక్కడమా అనిపిస్తోంది. ఆ మాట పైకే అనేసింది. ఫయాజ్ ఈసారి నవ్వలేదు.

"ఆంటీ, ఒకటి చెప్పుండ్రి. మీ అమ్మ పిడికెడు బియ్యం ఎందాక ఉంచేది?"

"కొత్త బస్తా వచ్చేదాకా."

"కొత్త బస్తా ఇంట్లకు వచ్చినంక?"

వైదేహి ఆలోచించింది. తెనాలి వంటింట్లో అమ్మ కొత్త బస్తా మూతి విప్పి, డబ్బా అడుగునున్న ఆ పిడికెడూ చేటలోకి తీసేది. పాతవి ముందు వండాలి, లేకపోతే పురుగు పడుతుందనేది. డబ్బా తుడిచి ఎండలో పెట్టి, అప్పుడు కొత్తవి పోసేది. "ఆ పిడికెడే ముందు వండేసేది," అంది.

"కొత్తవి నేను మంగళవారమే ఇస్త. గురువారం మీరు పాతవి ఆఖరివి మింగే యాళ్లకు కొత్త డబ్బలు మీ ఇంట్ల రెండు రోజుల సంది ఉంటయ్. ఖాళీ యాడున్నది?"

ఆ మాట వైదేహికి నచ్చింది. అందులో లౌక్యం ఉందని తెలుసు, అయినా నచ్చింది. ఒప్పుకోవడానికి మనసు ముందే సిద్ధమై, మర్యాదైన దారి కోసం చూస్తోందేమో కూడా.

జులై ఇరవై ఒకటి పొద్దున్నే ఆవిడ స్నానం చేసి వంటింటి బల్ల ముందు కూర్చుంది. ఎడమ పక్కన ఎనిమిది వారాల కొత్త మందులు సంచి నిండా ఉన్నాయి. ముందు ఆరు పాత మాత్రలు. ఒక్కొక్కటే తీసి మింగింది. ఆరోది కొంచెంసేపు అరచేతిలో పట్టుకుంది. ఎదురుగా రామకృష్ణారావు కాఫీ పక్కన పెట్టి చూస్తున్నాడు. ఎందుకో ఆయన గొంతు సవరించుకుని, ఆ ఆరు మందుల పేర్లూ, మోతాదులతో సహా, వైవాలో అప్పజెప్పినట్టు గబగబా చెప్పేశాడు. వైదేహి నోరు తెరుచుకుని ఉండిపోయింది. ఆ తెరిచిన నోట్లోనే ఆరోది వేసుకుంది.

"ఎప్పుడు నేర్చుకున్నారండీ?"

"మొన్న. కడుపు డాక్టర్ని, అందులో గ్యాసు మందైనా తెలియకపోతే పరువు తక్కువ కదా," అన్నాడాయన. వైదేహికి ఆయన మీద నిజంగానే ప్రేమ పుట్టింది.

శనివారం ఆయనే కొండదారిలో మాంచెస్టర్ దాకా కారు నడిపి విమానం ఎక్కించాడు. సాయంత్రానికి బెల్‌ఫాస్ట్‌లో కస్తూరి తలుపు తీసింది. కర్ర మీద బరువంతా వేసి నిలబడి ఉంది. చిక్కిపోయింది. ఎప్పట్లాగే గుమ్మంలోనే అడిగింది, "ఎప్పుడెళ్తావు?"

"సెప్టెంబరు మూడు."

"అది సరే. మధ్యలో?"

"మధ్యలో ఏవిటి?"

"మధ్యలో మందులకు వెళ్లవూ? ఎల్లుండో, బుధవారమో..."

వైదేహి సంచి జిప్పు తీసి చూపించింది. "ఆరూ ఇందులోనే ఉన్నాయి. మధ్యలో ఎక్కడికీ వెళ్లను."

కస్తూరి చాలాసేపు సంచిలోకి చూసింది. తర్వాత కర్ర టకటకలాడించుకుంటూ హాల్లోకి వెళ్లి, పళ్లబుట్ట వెనక నుంచి ఒక కవరు తీసింది. స్టాంపు అంటించి ఉంది. ఆసుపత్రి అడ్రసు రాసి ఉంది. లోపల మూడో వాయిదా ఉత్తరం ఉందని వైదేహికి అర్థమైంది. అడగనక్కర్లేదు. కస్తూరి దాన్ని నిలువునా ఒకసారి, అడ్డంగా ఒకసారి చింపింది.

"నువ్వు వస్తావని తెలుసే," అంది, కళ్లు తుడుచుకుంటూ. "ఉంటావని అనుకోలేదు."

వైదేహి ఆ ముక్కలు తీసుకుని బుట్టలో పడేసి, వంటగదిలోకి వెళ్లి చారు పెట్టింది.

బుధవారం ఆపరేషన్ మూడు గంటలు పట్టింది. వైదేహి ఆసుపత్రి కేంటీన్లో నాలుగు టీలు తాగి, ఎవరో పిల్లవాడు వదిలేసిన బఠాణీల వైపు అలవాటుగా చూసి, ఆఖరికి వార్డులోకి రమ్మంటే వెళ్లింది. కస్తూరి తెల్లటి మంచంలో చిన్నగా కనిపించింది. ముప్పై ఏళ్లు జనాన్ని నిద్రపుచ్చిన మనిషికి తను నిద్రలోంచి రావడం తెలియడంలేదు. పెదాలు ఎండిపోయాయి. కళ్లు సగం తెరిచి, ఎదురుగా ఉన్నదెవరో పోల్చుకోవడానికి ప్రయత్నిస్తోంది.

"ఉన్నావుటే?"

"ఉన్నాను."

"ఎన్నాళ్లు?"

"ఇంకా ముప్పై ఎనిమిది రోజులు."

కస్తూరి వేళ్లు దుప్పటి మీద వెతికి వైదేహి చెయ్యి పట్టుకున్నాయి. "అయితే పడుకుంటాను," అని, ఆ చెయ్యి వదలకుండానే నిద్రపోయింది.